సూర్యలంక ఫోటోలు

తెనాలి,
11 డిసెంబరు 2022.

ప్రియమైన అక్కకి,
అజయ్ వందనాలు.

నేను ఫోన్ చేస్తే బావ స్పీకరు పెట్టమంటాడని, అందుకే పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తున్నానని పోయినసారి వచ్చినప్పుడు చెప్పావు. అందుకని నువ్వు టీచర్ ట్రైనింగులో ఉన్నప్పటిలాగే ఉత్తరం రాస్తున్నాను, మీ స్కూలు అడ్రసుకి. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరు దగ్గర అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

నిన్న మీ మరిది ప్రేమ్ కుమార్‌కీ, అతను చేసుకోబోయే రూబీకీ ప్రీవెడ్డింగ్ ఫోటోలు తీయడానికి సూర్యలంక వెళ్లాను. మా వీడియో జానీకి జ్వరం. బ్యాగులు, లైట్లు, గొడుగు అన్నీ నేనే మోసుకున్నాను. నా ఎడమ భుజం సంగతి నీకు తెలుసుగా, ఇసకలో నడిచేసరికి పని పట్టింది. అక్కడ మాకంటే ముందే మూడు జంటలు. ఒకళ్లు కదిలితే గానీ ఇంకొకళ్లకి చోటు లేదు. అందరికీ అదే సముద్రం, అదే సూర్యుడు, అదే సరుగుడు తోట.

రూబీ నాకు నచ్చిందక్కా. నర్సు కదా, మాట తిన్నగా ఉంటుంది. గౌను అంచు పైకెత్తి నీళ్లలోకి దిగింది. రెండు పాదాల మీదా తెల్లమచ్చలు, చీలమండల దాకా. నేను కెమెరా దించాను. ఆ అమ్మాయి గమనించింది. "తీయండన్నయ్యా, దాచేదేం లేదు. పెళ్లిచూపుల నాడే ఈయనకి చూపించాను. అంటుకునేది కాదని డాక్టరు గారు రాసిచ్చిన కాయితం కూడా చూపించాను" అంది. ప్రేమ్ నవ్వాడు. "బావా, నా పెళ్లాం కాళ్ల మీద మేఘాలున్నాయి, బాగా పడాలి" అని దోసిట్లో నీళ్లు పట్టి ఆ పాదాల మీద పోశాడు. ఆ అమ్మాయి తల వెనక్కి వాల్చి నవ్వింది. అది తీశాను. పద్దెనిమిదేళ్ల నుంచి పెళ్లిళ్లు తీస్తున్నాను, అలాంటి ఫోటోలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏడెనిమిది ఫోటోలు ప్రేమ్ ఫోనుకి పంపాను.

మీ అదృష్టం అక్కా, మంచి తోటికోడలు వస్తోంది.

నీ తమ్ముడు,
అజయ్ బాబు.

*

రేపల్లె,
20 డిసెంబరు 2022.

ఒరేయ్ అజయ్,

నీ ఉత్తరం అందింది. స్టాఫ్ రూములో అందరూ ఎవరు రాశారని ఒకటే గోల. మా హెడ్మాస్టరు గారైతే స్టాంపు చింపి ఇమ్మన్నారు, వాళ్ల మనవడికట.

అసలు సంగతి చెప్తాను. నువ్వు పంపిన ఫోటోలు ప్రేమ్ ఫోన్లో మా అత్తగారు చూసింది. చూసిన దగ్గర్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. బాపట్లలో ఆవిడకి చర్చి నిండా చుట్టాలే కదా, ఆల్బమ్ ప్రతి ఇంటికీ తిరుగుతుంది. అందుకని ఆ కాళ్ల మీదవి తీసేయమని నీతో చెప్పమంది. కాళ్లేగారా. మొటిమలు తీస్తావు, నల్లటివాళ్లని తెల్లగా చేస్తావు, ఇదీ అంతే అనుకో. ఆల్బమ్‌లోనే కాదు, గోడకి పెట్టే పెద్ద ఫోటోలో కూడా.

ఆ పిల్లతో చెప్పాల్సిన పని లేదు. చెప్తే బాధపడుతుంది.

పెళ్లి జనవరి 26. నువ్వు ముందురోజే రా. బావ తమ్ముడి పెళ్లి, బయటివాడిలాగా పొద్దున్నే దిగొద్దు. భుజానికి ఆయింట్మెంట్ రాస్తున్నావా లేదా?

మీ అక్క,
శోభ.

*

తెనాలి,
5 మార్చి 2023.

అక్కా,

నిన్న బాపట్ల వెళ్లి ఆల్బమ్ ఇచ్చి వచ్చాను.

ముందు పెళ్లి గురించి రెండు మాటలు. నీ మీద కోపంతో కాదు, ఎవరితోనైనా అనాలని. ఉంగరాలు మార్చుకునేటప్పుడు మీ పెద్దమామయ్య సెల్‌ఫోన్ పట్టుకుని నాకు అడ్డంగా నిలబడ్డాడు. జరగండి బాబాయ్ అంటే "నువ్వు డబ్బులకి తీస్తావు, నేను ప్రేమతో తీస్తున్నా" అన్నాడు. తర్వాత పాస్టరు గారిని మళ్లీ ఒకసారి ఉంగరం తొడిగించమని బతిమాలుకోవాల్సి వచ్చింది. స్టేజీ మీద నాలుగొందల మంది గ్రూపు ఫోటోలు దిగారు. బావ నన్ను అందరి ముందూ "ఏయ్ ఫోటో" అని పిలిచాడు. నవ్వులాటకే అనుకుంటాను. జానీకీ నాకూ భోజనం దొరికేసరికి సాంబారు, పెరుగు మిగిలాయి. మామూలే.

మచ్చలు తీశాను. ఒక్కో ఫోటోకి అరగంట పట్టింది. పొడి చర్మం అయితే సులువు. తడిసిన చర్మం, దాని మీద ఎండ, కారుతున్న నీళ్లు ఉంటే కష్టం. చివరికి బాగా కుదిరింది. నేనే మెచ్చుకున్నాను.

ఆల్బమ్ మీ అత్తయ్య గారు ఒళ్లో పెట్టుకుని చూసింది. రూబీ పక్కన నిలబడి చూసింది. సూర్యలంక పేజీ దగ్గర వేలు పెట్టి ఆపింది.

"ఈ కాళ్లెవరివన్నయ్యా?" అంది.

ఎండ వెలుతురుకి అలా పడతాయమ్మా అన్నాను. ఆ అమ్మాయి నా మొహం వైపు చూసింది. టీ తెచ్చిచ్చింది. మీ అత్తయ్య గారు "అజయ్ బాబు చేతిలో వరం ఉంది" అని నాకు చొక్కా గుడ్డ పెట్టింది. తీసుకున్నాను.

ఆ పిల్లతో చెప్పాల్సిన పని లేదన్నావు. చెప్పాల్సిందక్కా.

అజయ్.

*

రేపల్లె,
2 ఆగస్టు 2024.

చిరంజీవి అజయ్ బాబుకి,

ఇక్కడ అందరం క్షేమం. మీ బావగారు, అమ్మాయి హన్నా బాగున్నారు.

నీకు తెలిసే ఉంటుంది, రూబీ మే నెల నుంచీ భట్టిప్రోలులో పుట్టింట్లోనే ఉంటోంది. మచ్చలు చేతులకీ, పెదవి పక్కకీ వచ్చాయి. చర్చిలో ఆడవాళ్లు పక్కన కూర్చోవడం మానేశారు. ప్రేమ్ కుమార్‌కి మనసు విరిగిపోయింది. పెళ్లికి ముందు ఈ జబ్బు సంగతి దాచిపెట్టి మోసం చేశారు కాబట్టి ఈ పెళ్లి చెల్లదని మావాళ్లు కోర్టులో వేశారు. పెళ్లినాటి ఆల్బమ్ లాయరు గారికి ఇచ్చారు. అందులో కాళ్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి, అప్పుడు మేకప్ వేసి దాచారని ఆయన వాదిస్తారు.

కనుక నీ దగ్గర ఉన్న అసలు ఫోటోలు ఉంచవద్దని మీ బావగారి మాట. అవి బయటికి వస్తే కుటుంబం పరువు పోతుంది. నీవల్ల అలాంటిది జరిగితే నేను ఈ ఇంట్లో ఉండే పరిస్థితి ఉండదు. హన్నాకి ఇంటర్ రెండో సంవత్సరం. అర్థం చేసుకుని ఆ పని వెంటనే చేసి జవాబు రాయవలెను. జవాబు ఇంటి అడ్రసుకే రాయి.

ఇట్లు,
శోభారాణి.

*

తెనాలి,
9 సెప్టెంబరు 2024.

అక్కకి,

తీసేశాను. మీ ఇంటి అడ్రసుకి ఆ ఒక్క మాటా రాసి నిన్న పంపాను, బావకి చూపించు. ఇది నీకు, స్కూలుకి.

నీ ఉత్తరం వచ్చాక మూడు వారాలు ఏమీ చేయలేదు. అవునన్నా కాదన్నా ఎవరో ఒకరు మునుగుతారు. అలా ఊరుకుంటే అదే సర్దుకుంటుందేమో అనుకున్నాను. పోయిన సోమవారం మధ్యాహ్నం రూబీ వాళ్ల నాన్న సీమోను గారు స్టూడియోకి వచ్చాడు. కౌలు చేసుకునే మనిషి, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకొచ్చాడు. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు.

"బాబూ, సముద్రం దగ్గర తీసినయ్యి అసలుయ్యి మీ కాడ ఉంటాయంట గదా. మా అమ్మాయి ఫోన్లో లెవ్వు. అల్లుడి ఫోనుకే పంపారంట. ఆ ఒక్కటీ చూపిత్తే చాలని లాయరు గారన్నారు" అన్నాడు.

డిస్కు పాడైపోయిందండి, అన్నీ పోయాయి అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. అప్పటికి ఆ డిస్కు నా మోచేతి దగ్గరే ఉంది, బాగానే పనిచేస్తోంది.

ఆయన కాసేపు గోడ మీద పెళ్లికూతుళ్ల ఫోటోలు చూశాడు. "పోన్లే బాబూ, మిషన్లు గదా, మన చేతిలో ఏముంది" అన్నాడు. అలా అని నన్నే ఓదార్చాడు. బస్సు టైమైందని వెళ్లిపోయాడు.

ఆయన మెట్లు దిగాక తీసేశాను. చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికి తీసేశాను. మళ్లీ వెనక్కి రప్పించే దారి ఉంటుందేమోనని నా మీద నాకే అనుమానం వచ్చి, అదే డిస్కు మీద మూడు పెళ్లిళ్లు ఎక్కించాను. ఇప్పుడు ఎవరొచ్చినా లేవు.

నువ్వు ఇంట్లో ఉండొచ్చు. హన్నా బాగా చదువుకోమని చెప్పు.

అజయ్.

*

రేపల్లె,
21 సెప్టెంబరు 2024.

ఒరేయ్,

ఎంత పని చేశావురా.

ఆ ఉత్తరం రాసేటప్పుడు మీ బావ నా కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాడు. ఒక్కో వాక్యం చెప్పి రాయించాడు. నేనెప్పుడైనా నిన్ను చిరంజీవి అన్నానా? రాయవలెను అని రాశానా? చిన్నప్పట్నుంచీ నేను కూర్చోమంటే నిలబడేవాడివి. ఈ ఒక్కసారీ నా మాట వినాల్సి వచ్చిందా నీకు? నువ్వు కుదరదంటావని, "మా తమ్ముడు ఒప్పుకోలేదండీ, నేనేం చేయను" అని మీ బావతో చెప్పుకోవచ్చని ఆశపడ్డాను.

ఇంకొకటి నీ దగ్గర దాచాను. ప్రధానానికి పది రోజుల ముందు మా అత్తగారూ నేనూ భట్టిప్రోలు వెళ్లాం. రూబీ మా ఇద్దర్నీ వంటింట్లోకి పిలిచి చీర కుచ్చిళ్లు ఎత్తి కాళ్లు చూపించింది. వాళ్లమ్మ దానమ్మ గారు పక్కనే నిలబడింది. అత్తగారు వంగి చేత్తో తడిమి చూసి, "కాళ్లకేగా తల్లీ, చీర కప్పుద్దిలే" అంది. నేనూ అక్కడే ఉన్నాను. కాఫీ గ్లాసు నా చేతిలో ఉంది.

ఇప్పుడు అదే మనిషి మాకేం తెలియదని ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టింది. నేను ఆవిడ కళ్లజోడు తెచ్చి ఇచ్చాను.

శోభ.

*

తెనాలి,
24 నవంబరు 2024.

అక్కా,

నీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. పెళ్లిళ్ల సీజను అని నీకు చెప్పొచ్చు, కానీ అది కాదు. కలం తీస్తే బూతులే వస్తున్నాయి.

నేను కాదనాలని ఆశపడ్డావా? ఆ ఉత్తరంలో హన్నా పేరు రాసింది నువ్వు. ఇంట్లో ఉండలేనని రాసింది నువ్వు. బావ చెప్పి ఉండొచ్చు, చేతిరాత నీది. నేను ఫోటోలు తీసేశాను, నేను పాపం చేశాను, సరే. నువ్వు వంటింట్లో నిలబడి కళ్లారా చూశావు. నీ కళ్లలోంచి ఎవరూ ఏమీ డిలీట్ చేయలేదుగా. వెళ్లి చెప్పు మరి.

పోయిన ఆదివారం చేబ్రోలులో పెళ్లి ముగించుకుని, జానీని సామానుతో తెనాలి పంపించి, నేను బండి మీద భట్టిప్రోలు వెళ్లాను. దానమ్మ గారు వరండాలో మంచం వాల్చింది. రూబీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫారంలోనే ఉంది. పెదవి పక్కన మచ్చ నిజమే. నిలబడే అంతా చెప్పాను. నేను మచ్చలు తీసింది, డిస్కు పాడవకుండానే పాడైందన్నది, తర్వాత చెరిపేసింది.

సీమోను గారు తల వంచుకుని నేల చూస్తున్నాడు. రూబీ నన్నే చూస్తోంది. "ఇదంతా కోర్టులో చెప్తారా?" అంది.

చెప్తానన్నాను.

"వాళ్ల లాయరు మిమ్మల్ని ఒక మాట అడుగుతారు. ఎవరు తీసేయమన్నారని. అది కూడా చెప్తారా?"

దానికీ తలూపాను. అందుకే ఈ ఉత్తరం. అక్కడ నిలబడి నీ పేరు, మీ అత్తయ్య పేరు చెప్పమంటావా వద్దంటావా? నాకు రెండు ముక్కల్లో రాయి.

అజయ్.

*

రేపల్లె,
12 డిసెంబరు 2024.

అజయ్,

ఇక్కడ వానలు. స్కూల్లో ఆరో తరగతి గది కురుస్తుంటే పిల్లల్ని వరండాలో కూర్చోబెడుతున్నాం. హాఫియర్లీ పేపర్లు దిద్దుతున్నాను, తొంభై ఆరు ఉన్నాయి. క్రిస్మస్ పాటలకి నన్నే నేర్పించమన్నారు, గొంతు పట్టేసింది. నీ భుజం నొప్పి ఎలా ఉంది? చలికాలం బరువులు ఎత్తకు.

హన్నాకి మార్చిలో పరీక్షలు. ఆలోచించు.

శోభ.

*

తెనాలి,
19 మార్చి 2025.

అక్కా,

మొన్న కోర్టు హాల్లో నువ్వు వెనక బెంచీ మీద బావకీ మీ అత్తయ్యకీ మధ్యన కూర్చున్నావు. పైన ఫ్యాను మోతకి నీకు వినపడి ఉండదేమో. నేనేం చెప్పానో, అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

మీ లాయరు నన్ను అడిగాడు: "ఫోటోల్లో మచ్చలు తీసెయ్యమని మీకెవరు చెప్పారు?"

నేను నీ వైపు చూశాను. నువ్వు బ్యాగు జిప్పు తీస్తూ, వేస్తూ ఉన్నావు.

"ఎవరూ చెప్పలేదండి. నేనే తీశాను."

"ఎందుకు?"

"అందరికీ తీస్తామండి."

"అంటే పెళ్లికొడుకు వాళ్లెవరూ ఆ మచ్చల గురించి మీతో ఒక్క మాట కూడా అనలేదు?"

"లేదండి. కానీ సముద్రం దగ్గర ప్రేమ్ కుమార్ చూశాడండి. నా ముందే చూశాడు. నవ్వాడు కూడా."

"ఆ ఫోటో ఉందా?"

"లేదండి. చెరిపేశాను."

"అది కూడా ఎవరూ చెప్పకుండానేనా?"

"అవునండి."

ఎవరో నవ్వారు. రూబీ వాళ్ల లాయరమ్మ చేతిలో ఫైలు మూసేసింది. ఒక్క మాటతో నా సాక్ష్యం నేనే చింపేసుకున్నానని నాకప్పుడు తెలిసింది. నీ పేరు దాచాలంటే వాళ్లందరి పేర్లూ దాచాలి. వాళ్లందరికీ తెలియదనాలి. నేను ఎవరి తరఫున వెళ్లానో వాళ్లనే ముంచి దిగాను.

బయట వేపచెట్టు కింద రూబీ నాతో మాట్లాడలేదు. సీమోను గారు మాత్రం దగ్గరికొచ్చి, "భోజనం చేశావా బాబూ" అని అడిగాడు.

హన్నా పరీక్షలు బాగా రాస్తోందా?

అజయ్ బాబు.

*

రేపల్లె,
31 ఆగస్టు 2025.

తమ్ముడూ,

తీర్పు వచ్చింది. పెళ్లి చెల్లదన్నారు. నీకు ఎవరైనా చెప్పే ఉంటారు.

ఆ రోజు బాపట్ల ఇంట్లో స్వీటు పంచారు. అత్తగారు నా నోట్లో ముక్క పెట్టింది. తిన్నాను. "దేవుడు సత్యం వైపు నిలబడ్డాడు" అంది. ప్రేమ్ మాత్రం తినలేదు. మేడ మీదికి వెళ్లిపోయాడు. వాడు మొదట్నుంచీ ఒక్క మాట కూడా మాట్లాడలేదురా, వాడి బదులు అందరూ మాట్లాడారు. ఇప్పటికే సంబంధాలు చూస్తున్నారు. అత్తగారు నిన్నే పిలవాలంటోంది. "ఏదేమైనా అజయ్ బాబు పనితనం ఎవరికీ రాదు, మన మీద ఎంత గౌరవం లేకపోతే కోర్టులో అలా నిలబడతాడు" అంది. నువ్వు రావద్దు. కాలు విరిగిందను, కెమెరా పోయిందను, ఏదో ఒకటి చెప్పు.

కోర్టులో నాకు అంతా వినపడిందిరా. ఫ్యాను అంత మోత ఏం చేయలేదు. "ఎవరూ చెప్పలేదండి" అన్నప్పుడు లేచి నిలబడదామనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను, బెంచీ కిందకి జారిపోతే కాలితో వెతుక్కుని మరీ వేసుకున్నాను. అంతలో నిన్ను దిగమన్నారు. ఇంకొకరిని పిలిచారు.

నిన్న శనివారం ఒంటిపూట సెలవు పెట్టి భట్టిప్రోలు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. రూబీ గుమ్మం దగ్గర టిఫిను డబ్బా సర్దుకుంటోంది, మధ్యాహ్నం డ్యూటీ అట. నన్ను చూసి దానమ్మ గారు లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడైనా చెప్తానమ్మా, నేను చూశానని, అత్తగారు చూసిందని పై కోర్టులో చెప్తాను, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను అన్నాను. దారి పొడుగూతా కూడబలుక్కున్న మాటలు.

రూబీ డబ్బా మూత బిగించింది. "పై కోర్టుకి వెళ్లట్లేదండి. నాన్న ఇంక తిరగలేడు" అంది.

క్షమించమన్నాను.

"మీరు ఆ రోజు వంటింట్లో కాఫీ తాగుతా నాతో ఏమన్నారో గుర్తుందా అక్కా?" అంది. నాకు గుర్తు లేదు. నిజంగా లేదురా. "నీకేం భయం లేదు, నేనున్నానుగా అన్నారు" అంది. కోపం లేదు ఆ గొంతులో. రోగికి మందు చీటీ చదివి చెప్పినట్టు చెప్పింది. తర్వాత టైమవుతోందని చెప్పి, చెప్పులు వేసుకుని రోడ్డెక్కింది. ఆటో వచ్చింది. వెళ్లిపోయింది.

నేను కాసేపు ఆ వాకిట్లోనే ఉన్నాను. ఎవరూ కూర్చోమనలేదు, వెళ్లమనలేదు. బస్సెక్కి వచ్చేశాను.

రేపల్లె స్టాండులో దిగేసరికి మీ బావ బండి మీద ఉన్నాడు. ఎక్కడ్నుంచి అని అడిగాడు. స్కూల్లో మీటింగు లేటయింది అన్నాను. ఎక్కు అన్నాడు.

ఎక్కాను.

శోభ.